పెరటి పెంటకుప్ప చరిత్ర

ఆత్రేయపురము పేరు వినగానే ఎవరికైనను పూతరేకులు జ్ఞాపకమునకు వచ్చును. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండినీటిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కసారి పరచి లాగుదురు. రెప్పపాటులో కాగితము కంటె పలుచనైన రేకు లేచి వచ్చును. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. రేకు పలుచదనమును పొగడువారు చాలమంది కలరు గాని, కుండ క్రింది మంటను పరికించువారు తక్కువ. అది సాధారణముగా ఎండు కొబ్బరియాకుల మంట. ఆకును లోనికి నెట్టినకొలది మంట పెరుగును, ఆపినంతనే తగ్గును. కట్టెతో ఈ సౌలభ్యము ఉండదు.

పొయ్యిలోనికి పోయినపుడు ఆ ఆకు వంటచెరకు. అదే ఆకు ప్రక్కయింటి దొడ్డిలో రాలి పడియున్నచో చెత్త. దానిని ఒక మూలకు ఊడ్చి నిప్పంటించుచున్నారు. కొబ్బరియాకు ఎప్పటినుండి చెత్త అయినది? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకినచో గోదావరి డెల్టా వ్యవసాయచరిత్ర కొంత, రసాయనశాస్త్రము కొంత, చివరకు ఒక పురుగు కథ కూడ చెప్పవలసి వచ్చును.

ధవళేశ్వరమునకు దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఏర్పడిన మధ్యడెల్టాకు ఆత్రేయపురము ప్రాంతము తలభాగము. 2022 వరకు ఇది తూర్పుగోదావరి జిల్లాలో ఉండెను. తరువాత కోనసీమ జిల్లాలో చేరినది. మధ్యడెల్టా కాలువ బొబ్బర్లంక వద్ద బయలుదేరును. లొల్ల లాకుల వద్ద ఆ నీరు శాఖలకు పంపకమగును. ఈ రెండు ఊళ్ళును ఆత్రేయపురమునకు ఇరుగుపొరుగులే. ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. అంతకు పూర్వము ఈ నేలకు ఎరువు వేసినది నదియే. వరద తీసిన పిదప మిగిలిన ఒండ్రుమట్టి పొలమునకు బలము. అయితే వరద అన్నము పెట్టిన ఏడు ఉండెడిది, ఇంటిని ఊడ్చుకొనిపోయిన ఏడు కూడ ఉండెడిది.

ఆనకట్ట తరువాత నీరు నమ్మకమైనది. నీరు నమ్మకమైనచోట వరి ఏటేట పండును; పండిన ప్రతి పంటయు నేలలోని నత్రజనిని, భాస్వరమును, పొటాష్‌ను కొంత మోసికొని పోవును. ఈ లోటును తీర్చవలసిన భారము వరద నుండి పెరటికి మారినది. డెల్టా రైతులు జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పచ్చిరొట్టగా దున్నుట ఒక మార్గము. రెండవది ప్రతి ఇంటి వెనుకను ఉండెడి పెంటకుప్ప.

ఆనాటి పెరటిలో ఏమేమి రాలెడివో, ఏది ఎక్కడికి పోయెడిదో ఒక్కసారి చూడవలెను. కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు రాల్చును. మట్ట మొదలు పొయ్యిలోనికి, ఆకు తడికకును పందిరికిని, ఈనె చీపురునకు. డొక్క కొంత పీచునకు, కొంత పొయ్యికి. చిప్ప నిప్పులకు, గరిటెకు. చెట్టు చచ్చినచో దుంగ బోదెపై వంతెన. వరిగడ్డి గడ్డిమేటుకెక్కి గొడ్లకు మేత అగును. గొడ్లు తినక మిగిల్చిన గడ్డి వాటి కాళ్ళక్రింద నలిగి, మూత్రములో నాని, పేడతో కలిసి కుప్ప చేరును. అరటిగెల కోసిన పిమ్మట బోదె, ఆకులు కూడ అక్కడికే. పొయ్యి బూడిద, ఊడ్చిన మట్టి, కూరగాయల తొక్కులు, రాలిన మామిడాకు, ఇవన్నియు రోజూ గంపెడో రెండు గంపలో కుప్ప మీద పడెడివి. వేసవిలో ఏరువాకకు ముందు బండ్లకెత్తి చేలకు తోలెడివారు. అనగా పెరటిలో చెత్త అను వేరు పదార్థమే ఉండెడిది కాదు. ప్రతిదానికి ఒక పని ఉండెను. పని తీరినది కుప్పకు చేరెడిది.

ఇది మన రైతులు నిన్నమొన్న నేర్చినది కాదు. సంస్కృతములోని కృషిపరాశరము అను ప్రాచీన గ్రంథమున ఎరువు కుప్పను మాఘమాసములో పారతో త్రవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణములో పొలమున గుంటలు తీసి వేయవలెనని చెప్పబడినది. తేదీలతో సహా చెప్పిన ఈ పద్ధతిని చూచినచో, దానిని వ్రాసినవానికి పొలముతో పరిచయము గట్టిదనియే తోచును.

అట్లని పాత పెంటకుప్పను ఆకాశమునకెత్తుట న్యాయము కాదు. దానిలో లోపములు కలవు. గొడ్లచావిడిలోని మూత్రము చాలవరకు నేలలో ఇంకి పోయెడిది. పశువు విసర్జించు నత్రజనిలో పెద్దభాగము మూత్రములోనే ఉండునని ఇప్పుడు మనకు తెలియును. ఎండకు కుప్ప ఎండిపోవును. గోదావరి వర్షములకు దానిలోని సారము నల్లని నీరుగా కారిపోవును. 1889లో మన దేశమునకు వచ్చి వ్యవసాయమును పరిశీలించిన ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు జాన్ ఆగస్టస్ వోల్కర్ 1893లో ప్రకటించిన నివేదికలో మరియొక నష్టమును ఎత్తిచూపెను. వంటచెరకు లేనిచోట్ల పేడను పిడకలు చేసి కాల్చుచున్నారు. కట్టె దొరికినచో పేడ పొలమునకు పోవునని ఆయన వాదము. మన డెల్టాలోను పిడకలున్నవి, భోగిమంటలకు దండలు గ్రుచ్చుట పిల్లలకు తెలిసినదే. కాని కొబ్బరి మట్టలు, డొక్కలు పొయ్యిలోనికి పోయినచోట ఆ మేరకు పేడ మిగులును. కొబ్బరియాకు తాను ఎరువు కాకపోయినను పేడను ఎరువు కానిచ్చినది.

ఇక శాస్త్రము ఈ కుప్పలోనికి ఎట్లు వచ్చెనో చూతము.

మొదటి ప్రపంచయుద్ధకాలమునాటికి ఇంగ్లండులో పశువుల ఎరువునకు కొరత ఏర్పడినది. రోథాంస్టెడ్ పరిశోధనాలయములో హచిన్సన్, రిచర్డ్స్ అను ఇరువురు, పశువు లేకుండ గడ్డిని ఎరువుగా మార్చవచ్చునా అని పరీక్షించి 1921లో ఫలితములను ప్రకటించిరి. తడి, గాలి ఉన్నంత మాత్రమున గడ్డి సరిగా కుళ్ళదు. దానికి నత్రజని అందించినచో కుళ్ళును. ఎక్కువ అందించినచో మిగులు అమ్మోనియాగా లేచిపోవును. పెంటకుప్ప రహస్యమంతయు దాదాపు ఈ మూడు మాటలలో ఉన్నది.

విద్యార్థులు దీనిని చిన్న లెక్కగా చేసి చూడవచ్చును. కుళ్ళుట అనగా సూక్ష్మజీవులు భోజనము చేయుట. అవి తిన్న కర్బనములో సుమారు మూడింట రెండు వంతులు బొగ్గుపులుసు వాయువుగా శ్వాసలో పోవును. మిగిలిన ఒక వంతు వాటి శరీరమగును. ఆ శరీరములో సుమారు పది పాళ్ళ కర్బనమునకు ఒక పాలు నత్రజని ఉండవలెను. కనుక పది పాళ్ళ కర్బనము శరీరములో నిలువవలెనన్న ముప్పది పాళ్ళు తినవలెను. ఆ ముప్పదికి ఒక పాలు నత్రజని దొరకవలెను. పచ్చియాకులో, పేడలో ఈ నిష్పత్తి సుమారు ఇరువదికి ఒకటి. అవి తేలికగా కుళ్ళును. వరిగడ్డిలో ఎనుబదికి ఒకటి వరకు ఉండును. కొబ్బరిపీచు తీయగా మిగిలిన పొట్టులో నూటికి పైగా పాళ్ళకు ఒకటి. ఆ పొట్టును పచ్చిగా పొలమున చల్లినచో సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలనుండియే లాగుకొనును, పైరు పచ్చబారును. ‘ఎరువు వేసిన పైరు పాడైనది’ అని రైతు ఆశ్చర్యపడుట ఇందువలననే.

రోథాంస్టెడ్ వారు నత్రజనిని రసాయనముల రూపములో ఇచ్చిరి. మన రైతు కొనలేని వస్తువు అది. ఆ చిక్కును విప్పినవాడు ఆల్బర్ట్ హోవర్డ్. 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయమునకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చిన ఈయన, భారత రైతులును, పైరుకు పట్టు పురుగులును తనకు గురువులని చెప్పుకొన్నవాడు. భార్య గేబ్రియేల్ కూడ వృక్షశాస్త్రజ్ఞురాలే. పరిశోధనలలో సమాన భాగస్వామిని. 1924 నుండి 1931 వరకు ఇందూరు నగరములో, యశ్వంత్ వాడ్ అను రసాయనశాస్త్రజ్ఞుని సహాయముతో హోవర్డ్ రూపొందించినదే ఇందూరు పద్ధతి. చైనా, జపాను రైతులు ఆకును, గడ్డిని, మలమును వృథాపోనీయక నేలకు తిరిగి యిచ్చు తీరును వర్ణించిన అమెరికా శాస్త్రజ్ఞుడు కింగ్ గ్రంథము 1911లో వెలువడినది. హోవర్డ్‌కు అదియు ఒక ప్రేరణ.

ఇందూరులో ఆయనకు ఎదురైన చెత్త ప్రత్తికట్టె. కొయ్యవలె గట్టిది, ఎంతకును కుళ్ళదు. ఆయన దానిని బండ్ల బాటపై పరపించెను. చక్రముల క్రింద నలిగి చీలిన కట్టెను గొడ్లక్రింద పరపుగా వేయించెను. మూత్రములో నానిన ఆ పరపును, పేడను, పచ్చియాకును, కొద్దిగా బూడిదను, మూత్రము పీల్చిన మట్టిని వరుసలుగా లోతు తక్కువ గుంటలలో పేర్చి, నీరు చల్లి, గాలి ఆడుటకు కొన్ని వారములకొకసారి తిరుగవేయించెను. లోపలి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. మూడు నెలలలో నల్లని పొడి ఎరువు తయారు. మన పాత పెంటకుప్పలోని సరకులే ఇవన్నియు. హోవర్డ్ కలిపినది పాళ్ళు, గాలి, గడియారము. ఖర్చు కూలి మాత్రమే. అయితే ఆ కూలియే తరువాత పెద్ద అడ్డమైనది, ఏలనన కుప్పను తిరుగవేయుట నడుము విరుగు పని.

ఆ పని తప్పించుటకు బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సి.ఎన్. ఆచార్య 1939లో మరొక పద్ధతి చూపెను. చెత్తను, మలమును కందకములో పొరలుగా వేసి బురదతో మూసివేయుట. మొదట కొద్దిదినములు వేడెక్కి, తరువాత గాలి లేకుండ నెమ్మదిగా కొన్ని నెలలు కుళ్ళును. 1943 నాటి వంగదేశపు కరవు పిమ్మట ‘ఆహారోత్పత్తి పెంచుడు’ ఉద్యమము సాగిన దినములలో పురపాలక సంఘములు ఈ పద్ధతిని విరివిగా చేపట్టినవి. పల్లె పెరటికి రెండు పద్ధతులును పాఠముగానే ఎక్కువ వచ్చినవి, పనిగా తక్కువ. ఇంతలో కాలము మారినది.

1951లో సింద్రీ కర్మాగారములో అమ్మోనియం సల్ఫేటు తయారీ ఆరంభమైనది. 1960-61లో సాంద్ర వ్యవసాయ పథకమునకు దేశములో మొదట ఎన్నుకొన్న జిల్లాలలో పశ్చిమగోదావరి ఒకటి. విత్తనము, ఎరువు, అప్పు కలిపి రైతునకు అందించుట ఆ పథకము లక్ష్యము. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్. 8 వరిని పండించి ప్రసిద్ధుడయ్యెను. మరుసటి యేడు హైదరాబాదు రాజేంద్రనగరములోని అఖిల భారత వరి పరిశోధనా పథకము వారు ‘జయ’ వంగడమును విడుదల చేసిరి. పూతరేకులకు నేడు పేరుపడిన జయ బియ్యము ఇదియే. తాతలనాటి మిఠాయి అని మనము మురియు పూతరేకులో రసాయన ఎరువుల యుగము పుత్రిక ఒకతె కూర్చుండియున్నదన్నమాట!

ఈ కొత్త వంగడములు పొట్టివి. ఎరువు ఎంత వేసినను పడిపోవు, గింజ ఎక్కువ పండును. లక్షలమంది ఆకలి తీర్చిన మేలు ఇది, దీనిని తక్కువ చేయరాదు. కాని ఎరువు బస్తాలో దొరికిన తరువాత పెంటకుప్పకు గిరాకి తగ్గినది. తరువాతి దశాబ్దములలో ట్రాక్టరు వచ్చి ఎడ్లు తగ్గినవి. ఎడ్లు తగ్గగా పేడయు తగ్గినది. కోతయంత్రము గడ్డిని చేనులోనే విడిచినది. గ్యాసు పొయ్యి వచ్చి మట్టను, డొక్కను వంటింటి నుండి వెడలగొట్టినది. డాబా ఇల్లు తడికను, పాకను వెడలగొట్టినది. చెట్టు మాత్రము మారలేదు. ఏడాదికి పన్నెండు మట్టలు రాల్చుచునే ఉన్నది. ప్రశ్నకు సమాధానము ఇక్కడ దొరకినది. కొబ్బరియాకు తన గుణము వలన చెత్త కాలేదు. దాని ఉద్యోగములు ఒక్కొక్కటిగా పోయినవి. పైగా దానిని కుళ్ళించుటకు తోడు కావలసిన పేడ కూడ అదే సమయమున కరవైనది.

కొబ్బరి జాతి చెత్తకు మరియొక చిక్కు కలదు. దానిలో లిగ్నిన్ అను పదార్థము అధికము. చెట్టును నిటారుగా నిలిపి, గాలివానకు విరుగకుండ కాచునది అదియే. సాధారణ బాక్టీరియాలకు అది కొరుకుడు పడదు. కొబ్బరి పొట్టులో మూడవ వంతు వరకు లిగ్నినే. అడవిలో పడిన మ్రానును కుళ్ళబెట్టునవి ఏవి? పుట్టగొడుగుల జాతి శిలీంధ్రములు. ఈ సూత్రముపై కేరళలోని కొబ్బరిపీచు పరిశోధనాలయము వారు ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనమును, కొద్దిగా యూరియాను పొట్టుతో పొరలుగా కలుపు పద్ధతిని రూపొందించిరి. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కిలోన్నర విత్తనము. సుమారు నెలదినములలో కర్బన నత్రజనుల నిష్పత్తి 112 నుండి 24 వరకు దిగును. గోదావరికి ఆవలిగట్టున కడియము నర్సరీలలో మొక్కల సంచులు నింపుటకు కొబ్బరి పొట్టు నేడు సరకు. ఒకప్పుడు రోడ్డు ప్రక్కన గుట్టలుగా పడియుండి ఎవరికిని అక్కరలేని వస్తువు. ఆకు విషయములో కాసర్‌గోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధనాస్థానము వారు వానపాములను నియోగించిరి. హెక్టారు కొబ్బరితోటలో ఏడాదికి 6 నుండి 8 టన్నుల ఆకు రాలునని వారి లెక్క. పది పాళ్ళ ఆకునకు ఒక పాలు పేడ చాలును.

చెత్తను కాల్చరాదని, తోటచెత్తను వేరుగా ఉంచవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు చెప్పినవి. నియమము చెప్పుట తేలిక. కుప్ప వేసిన కొబ్బరి రైతునకు ఒక నిజమైన భయము కలదు, దానిని ఉపాధ్యాయులు తప్పక ఎరుగవలెను. అదియే కొమ్ముపురుగు.

నల్లగా మెరయుచు తలపై ఖడ్గమృగమువలె కొమ్ము గల ఈ పెద్ద పురుగు కొబ్బరి మొవ్వును తొలుచును. తరువాత విచ్చిన ఆకు కత్తెరతో విసనకఱ్ఱవలె కోసినట్లు కనబడును. ఇది గ్రుడ్లు పెట్టునది చెట్టుపై కాదు. పెంటకుప్పలలోను, కుళ్ళిన దుంగలలోను. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానువంటి వాటిలో కూలిన చెట్లు దుంగలుగా పడియుండుట ఈ పురుగునకు పండుగ. 1909లో ఈ పురుగు సింహళమునుండి రబ్బరు మొక్కలతో ఓడ ప్రయాణము చేసి పసిఫిక్ సముద్రములోని సమోవా ద్వీపములు చేరినది. అక్కడి కొబ్బరితోటలు చాల నష్టపడినవి. 1960లలో హ్యూగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మలయాలో దీనికి వచ్చు ఒక వైరసు వ్యాధిని కనుగొనగా, ఆ వైరసును సమోవాలో విడిచి పురుగును అదుపు చేసిరి. మన దేశములోను ఆ వైరసును, మెటరైజియం అను పచ్చని బూజును ప్రయోగించుచున్నారు.

అయితే కుప్ప వేయుట మానవలెనా? పురుగు జీవితమును లెక్కించి చూడవలెను. గ్రుడ్డు పొదుగుటకు పదిపన్నెండు దినములు. లావైన తెల్లని డింభకము కుప్పలో మూడు నుండి ఆరు నెలలు తినుచు పెరుగును. తరువాత మూడు వారములు గూడులో నిద్ర. ఏరువాక వరకు ఏడాది పొడవునా కదలక పడియున్న పాత పెంటకుప్పలో ఒక తరము పూర్తిగా పెరిగి ఎగిరిపోవుటకు కావలసినంత వ్యవధి కలదు. తొంబది దినములలో పూర్తియగు ఇందూరు కుప్పలో అంత వ్యవధి లేదు. నడుమ కుప్ప వేడికి గ్రుడ్లు, పిల్లపురుగులు చచ్చును. చల్లని అంచులలో దాగినవి తిరుగవేసినపుడు లోపలి వేడికి పోవును, లేదా పైకి తేలి కోళ్ళ పాలగును. హోవర్డ్ గాలి కొరకు చేయించిన పని కొబ్బరితోటలో చెట్టుకు కాపలా కూడ అగుచున్నది. చెట్లకు దూరముగా కుప్ప వేయుట, ఏ కుప్పనైనను మూడు నెలలకు మించి కదపక ఉంచకుండుట మంచిది.

పాఠశాల ఆవరణలో దీనిని పరీక్షించుటకు విశేష పరికరము లేవియు అక్కరలేదు. గజము పొడవు, గజము వెడల్పు, గజము ఎత్తు గల రెండు కుప్పలు చాలును. ఒకదానిలో కొబ్బరియాకును నిలువు ఆకుగానే వేయవలెను. రెండవదానిలో జానెడు ముక్కలుగా నరికి, ప్రతి జానెడు మందమునకు నాలుగంగుళముల పచ్చిచెత్త (అరటిబోదె ముక్కలు, కలుపుమొక్కలు, కాలువలోని గుర్రపుడెక్క), దానిపై పలుచని పేడనీరు చల్లవలెను. పిడికిట పిండిన చుక్క రాలీ రాలనట్లు తడి ఉండవలెను. రోజూ ఒకే వేళకు ఉష్ణమాపకమును రెండింటి నడుమకు దించి అంకెలు వ్రాసికొనవలెను. మూడవ దినమునకే రెండు గీతలు గ్రాఫు కాగితముపై విడిపోవుట పిల్లలు చూడగలరు. రెండవ కుప్ప వేడి తగ్గుముఖము పట్టిన దినమున తిరుగవేసినచో గీత మరల పైకి లేచును. అది లోపలికి గాలి పోయిన గుర్తు.

పూతరేకుల పొయ్యి బూడిద దొరికినచోట దానిని పారవేయనక్కరలేదు, దానిలో పొటాష్ ఉన్నది. కాని పచ్చిపేడపై మాత్రము చల్లరాదు. బూడిద క్షారము, నత్రజనిని అమ్మోనియాగా లేపివేయును, ముక్కుకు వెంటనే తెలియును. ఎరువు తయారై చల్లారిన పిదప, చేనికి తోలుటకు ముందు కలిపినచో సరిపోవును.